గోడ మీద లెయాల్తాద్

మార్చి 18
స్టేషన్ దగ్గర కొన్న పాత కరపత్రంలో స్పెయిన్ ఓడరేవు కూలీల సమ్మె. వాళ్ల బ్యానర్ మీద ఒకటే మాట: లెయాల్తాద్. పక్కన తెలుగులో ‘విధేయత’ అని వేశారు. ఒళ్లు మండింది. విధేయత దొరకు చూపేది! ‘విశ్వాసం’ అందామంటే కుక్క గుర్తొస్తుంది. సరైన మాట వెతకాలి.

మార్చి 20
రేపటి నుంచి మహబూబాబాద్ మిర్చి యార్డులో మా హమాలీల సమ్మె. బస్తా మోస్తూ నడుము పోగొట్టుకున్న బాలనర్సయ్య తాతను సేట్లు ఇక రావద్దన్నారు. తాతకు గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చేదాకా ఎవరం బస్తా ముట్టం.

షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో లెయాల్తాద్ అని రాశాను. భద్రు నా జోడీ. బస్తాకు ఒక కొస నాది, ఒక కొస వాడిది. గిదేం మందు పేరురా అన్నాడు. మనోణ్ణి ఇడిచిపెట్టకపోవుడు అన్నాను. గంతేనా, గది గోడకెందుకు చెప్పుడు, అని నవ్వాడు. కోపమొచ్చింది.

మార్చి 22
వాన. సాయంత్రం భద్రు తడిసి షెడ్డులోకి వచ్చాడు. అంగీ నిండా మిర్చి ఘాటు. అందరికీ తుమ్ములు. సమ్మెలో ఉన్న హమాలీ ఒంటికి ఘాటెక్కడిది? బస్తా ముట్టాడు! అందరి ముందు ద్రోహి అన్నాను. బస్తాలు లాగే వాడి ఇనప కొక్కెం బయటికి విసిరేశాను. జర ఇనరా అన్నాడు. వినలేదు. వాడు కొక్కెం ఏరుకుని నర్సింహులపేట బస్సెక్కి తన తండాకు పోయాడు.

మార్చి 23
నా పక్కన చోటు ఖాళీ.

మార్చి 24
సత్తమ్మ అనే రైతు షెడ్డుకు వచ్చింది. వానల నా మిర్చి మీద పట్టా కప్పిన పిలగాడేడి బిడ్డా అని అడిగింది. గాలికి పట్టా లేస్తుంటే దానిమీదనే బోర్లపడి పండిండట, కండ్లు మండి ఏడ్చుకుంటనే. నేను పిలవనన్న పిలవలే, రేపు మేం గూడ మీతోని కూసుంటం అంది.

సాయంత్రం బస్సెక్కి తండాకు పోయాను. భద్రు తల్లి తుల్సీబాయి, కొక్కెం ఇసిరినోడివి నువ్వేనా, కూసో, బువ్వ తిను, అంది. లెయాల్తాద్ అంటే, అని మొదలుపెట్టాను. గా మాట నువ్వు చెప్పకు అన్నాడు భద్రు. తప్పయిందిరా అన్నాను. బువ్వ పళ్లెం నా ముందుకు జరిపి, పొద్దుగాల బస్సు ఎన్నింటికిరా అన్నాడు.

మార్చి 25
రైతులు మా పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నానికి సేట్లు దిగొచ్చారు. గేటు దగ్గర కుర్చీలో తాత. వచ్చేపోయే బండినల్లా తిడుతున్నాడు.

మార్చి 26
భద్రు నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. ఏయ్ లెయాల్తాద్, కొస పట్టు, అన్నాడు.
పట్టాను.