మిగతా పందొమ్మిది

అక్కకు,

నీ చెల్లెలు మంజుల నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ అందరూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నా ఒంటికేం ఢోకా లేదు. ఫోన్‌లో చెప్పబోతే సగంలోనే "ఫికర్ చెయ్యకు" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

మాదాపూర్‌లో వానలు పట్టుకున్నాయి. ఆఫీసుకు చెప్పులు చేతబట్టుకుని పోతున్నాను. హాస్టల్ తిండి పర్వాలేదు, పచ్చిపులుసు మాత్రం ఎవరికీ చేయరాదు.

అమ్మ మోకాళ్లకు మా ఆఫీసులో మేం పరీక్షల లెక్కలు చూస్తున్న కొత్త నొప్పి మాత్ర తెస్తానన్నాను కదా. ఆశ పెట్టుకోవద్దని చెప్పు. సగం మంది రోగులకు ఆ మాత్ర, మిగతా సగానికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. రెండు గుంపులకూ నొప్పి ఒకేలా తగ్గింది.

మా మేనేజరు ప్రసాద్ గారిది భీమవరం వైపు. ఆ లెక్క చూసి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఆడవాళ్లను విడిగా చూడండి. వయసుల వారీగా చూడండి. మెట్లెక్కేటప్పటి నొప్పి ఒక్కటే చూడండి."

ఇరవై రకాలుగా చూశాను. ఒకదాంట్లో, యాభై దాటిన ఆడవాళ్లకు మెట్ల దగ్గర, తేడా కనిపించింది.

"సిగ్నిఫికెంట్ అండి. ఇదొక్కటే రాయండి," అన్నారు.

ఆ మాటకు గొప్ప తేడా అని అర్థం కాదక్కా. ఊరికే తగిలే అవకాశం తక్కువ అని మాత్రమే. మందులో ఏమీ లేకపోయినా, ఇరవైసార్లు వెతికితే ఒకసారి అలా తగలడం మామూలే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ అంకె చూసి నేనూ సంతోషించాను. అమ్మకూ యాభై దాటింది కదా. ఆయన చెప్పినట్టే రాశాను.

మరునాడు మీటింగులో, రోగులను చూసిన డాక్టరమ్మ రిపోర్టు చదివి అడిగింది.

"ఇది దొరికేదాక ఎన్నిసార్లు దేవులాడిండ్రు?"

ప్రసాద్ గారు నా వైపు చూశారు.

"ఇరవై సార్లు మేడమ్," అన్నాను.

"మిగతా పందొమ్మిది ఏవి?"

"రాయలేదు మేడమ్."

"జర అన్నీ రాసి మళ్ల పంపమ్మా."

రాసి పంపాను. మాత్ర పని చేయలేదనే రిపోర్టు వెళ్లింది. ప్రసాద్ గారు నన్ను వేరే టీమ్‌కు మార్చారు. ఇప్పుడు టీకి ఒక్కదాన్నే దిగుతున్నాను.

అమ్మను ఒకసారి దవాఖానలో చూపించు. బావకు, అత్తయ్యకు నా దండాలు. పిల్లలకు ముద్దులు.

డాక్టరమ్మ అడగకపోయుంటే నా అంతట నేను చెప్పేదాన్నో కాదో నాకు తెలియదు. మాత్ర సంగతి అమ్మకు చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పు. అన్నీ విన్నాకే నన్ను దీవించమను.

నీ చెల్లెలు,
మంజుల