మడత లేని కత్తి

చిట్కుల్,
28-11-1993, ఆదివారం.

చిరంజీవి సంగప్పకు మీ అమ్మ బీరమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేను, నీ భార్య దేవమ్మ, ఇంటి దగ్గర ఉంచిన రెండు మేకలు బాగున్నాం. అక్కడ నిజామాబాద్ వైపు నువ్వు, మంద, కుక్కలు బాగున్నారని బీరప్ప దేవుడి మీద భారం వేసి నమ్ముతున్నాను. నమ్మకపోతే నాకు నిద్ర పట్టదు. దేవమ్మ తాను రాసిపెడతానంది. వద్దు, ఈ ఉత్తరం నేనే రాసుకుంటానన్నాను. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు, జెర ఓపికగా చదువుకో.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. అలాగే ఉంది. దేవమ్మ బొల్లారం కంపెనీ బస్సులోనే పోయి వస్తోంది. బస్సు ఆలస్యమైతే నేను రోడ్డు మీదికి పోయి నిలబడతాను. నిలబడటం వల్లే మోకాలు తగ్గడం లేదని ఆమె కోపం. నిలబడకపోతే బస్సు రాదేమోనని నా భయం.

ఇక కత్తి సంగతి. నీ ఉత్తరం నిండా అదే ఉంది. మందకు కంచె వేయడానికి తుమ్మకంప నరుకుతుంటే పాత మడత కత్తి చీల ఊడి వేళ్ల మీదికే మడుచుకుందని రాశావు. ఏ చేయో రాయలేదు, ఎన్ని వేళ్లో రాయలేదు. తల్లికి రాసే పద్ధతేనా అది? మడత పెట్టేది వద్దు, ఒక్క ముక్క ఇనుముది కావాలి, ఎంత దెబ్బ కొట్టినా ఆగాలి, కంచె లేకుంటే తోడేలు పడుతుంది అని మాత్రం వివరంగా రాశావు. మీ చిన్నాయన కొమురయ్య బిడ్డ పురుడుకని వచ్చాడు కదా, గురువారం మళ్లీ మంద దగ్గరికి బయలుదేరుతున్నాడు. ఆయనతో కత్తి పంపుతున్నాను. దానికోసం నేను పడ్డ పరేషాన్ విను.

పటాన్‌చెరులో ఎక్కడ అడిగినా కూరగాయలు కోసేవే చూపించారు. ఒక దుకాణం అతను అద్దాల బీరువాలోంచి మెరిసే కత్తి తీశాడు. వీపుకు రంపం పళ్లు, పిడి చివర దిక్కులు చూపించే బిళ్ల.

"బొంబాయి మాల్ అవ్వా. అడివిల తొవ్వ తప్పినా దిక్కు చూపెడ్తది."

"నా కొడుకు ముంగట మూడు వందల గొర్లున్నయి. తొవ్వ గవిటికే ఎరుక. గిది తుమ్మకొమ్మ నరుకుతదా, గది చెప్పు."

"పిడిల అగ్గిపుల్లలు గూడ దాసుకోవచ్చు!"

అగ్గిపుల్లలు పట్టేంత బోలుగా ఉంటే లోపల ఇనుము ఎక్కడున్నట్టు? పిడి పట్టుకుని గట్టిగా తిప్పాను. పిడి నా చేతికి వచ్చింది, కత్తి అతని చేతిలోనే ఉంది.

"నువ్వు కొనెటందుకొచ్చినవా, ఊడగొట్టెటందుకొచ్చినవా?" అని అరిచాడు. నలుగురు చూశారు. ఇగ ఆ బజారుకు పోను.

చివరికి ముత్తంగి పోయాను. మన కమ్మరి బాలప్ప, ఊళ్లో నాగళ్ల పని తగ్గిందని కొలిమి తీసుకుపోయి అక్కడ లారీ షెడ్ల పక్కన పెట్టుకున్నాడు. విరిగిన లారీ కమాన్ పట్టీలు, చక్రాల మీద బరువు మోసే ఉక్కు బద్దలు, అతని ముందు కుప్పగా పడి ఉంటాయి.

"గీ పట్టీతోటి చేస్తే నీ మనుమడు గూడ వాడుకుంటడు" అన్నాడు. మనుమడు ఎక్కడున్నాడు? అది వేరే బాధ, ఇప్పుడు రాయను.

మాట ఇచ్చాడు గానీ పని చేయడు. నేను పోయినప్పుడల్లా ఏదో ఒక లారీ వచ్చి ఆగుతుంది. నన్ను రాయి మీద కూర్చోబెట్టి ఆ పని చూసుకుంటాడు. షేర్ ఆటోలో ఇరుక్కుని పోవడం, పొగ మింగి రావడం. ఎట్టకేలకు ఒకటి చేసి ఇస్తే తీసుకుని రాయికేసి కొట్టి చూశాను. అంచు పెచ్చు లేచింది.

"కత్తిని రాయికేసి కొడ్తరా అవ్వా?"

"నా కొడుకు కంప నరికేకాడ దూది పరిచి ఉంటదా? కింద రాళ్లే ఉంటయి."

"గట్టిగ పదును వెడితే పెళుసైతది. మెత్తగ వెడితే వంగుతది. రెండిట్ల ఏదో ఒకటి చెప్పు."

"రెండిటి నడుమ వెట్టు. వద్దన్నదెవరు?"

గొణుక్కుంటూ మళ్లీ కాల్చాడు. ఈసారి బాగా కుదిరింది. జానెడు కంటే కొంచెం ఎక్కువ పొడవు, వీపు మందం. ఇనుము పిడి చివరిదాకా పోయింది, దానికి రెండు వైపులా తుమ్మ చెక్క పెట్టి చీలలు కొట్టాడు. షెడ్డు వెనక తుమ్మకొమ్మ మీద నేనే నరికి చూశాను. కత్తి వీపు మీద రాయితో కొట్టినా పిడి కదలలేదు. మనసు కొంచెం కుదుటపడింది.

ఇంతవరకు రాసి, లేచి నీళ్లు తాగి వచ్చాను. రాయాల్సిన అసలు మాట ఇంకా ఉంది.

కత్తికి మొన లేదు బిడ్డా. గుడ్డ విప్పగానే చూస్తావు, బాలప్పను తిట్టకు. అంతా తయారయ్యాక మొన నేనే కోయించాను.

"మొన లేని కత్తేంది అవ్వా? ఎవరన్న చూస్తే నా పరువు వోతది" అన్నాడు అతను.

"కొమ్మ నరికెటందుకు మొనెందుకు?"

"గొర్రె గిట్టల ముల్లిరిగితే దేనితోటి తీస్తడు?"

"దబ్బనం పంపిస్త."

"కొడుక్కు కత్తి చేపిస్తున్నవా, గరిటె చేపిస్తున్నవా?" అని నవ్వి, కోసేశాడు. దబ్బనం కూడా గుడ్డలో చుట్టాను. దాని మొన చూసినా నాకు భయమే, కానీ గొర్రెలు కుంటకూడదు కదా.

కొమురయ్య నాకు చెప్పాడు సంగప్పా. మంద తన చేనులో పడిందని ఒక రైతు గొర్రెపిల్లను కర్రతో కొట్టి చంపాడట, నన్ను కూడా కలిపి నిన్ను తిట్టాడట. నువ్వు నడుములోంచి కత్తి తీశావట. మడత బిగుసుకుపోయి తెరుచుకోలేదట. గోళ్లతో లాగుతుంటే కొమురయ్య వచ్చి నీ మణికట్టు పట్టుకున్నాడట. ఇదేదీ నువ్వు రాయలేదు. రాసింది ఒక్కటే, మడత లేని కత్తి కావాలని. తుమ్మకంప కోసమేనా?

వాడు నన్ను తిట్టిన తిట్టు ఏదో కొమురయ్య చెప్పలేదు. అది ఏదైనా సరే, నిజామాబాద్ నుంచి ఇక్కడిదాకా రాలేదు. ఆ సమయానికి నేను చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఉండి ఉంటాను. నాకు తగలని దెబ్బకు నువ్వు జైలుకు పోతావా?

కత్తి పంపకపోతే తోడేలు పడుతుంది. పంపితే నా మనసు నిలవదు. అందుకే ఇలా చేశాను. మొన కావాలనుకుంటే నువ్వు బండ మీద నూరుకుని తెచ్చుకోగలవు, నాకు తెలుసు. బాలప్పను అదీ అడిగాను. కమాన్ పట్టీ కదా, పూటంతా కూర్చుని నూరితే గానీ రాదన్నాడు. ఇంత దూరం నుంచి నీ చేయి పట్టుకోలేను. కానీ నీ కోపం నాకు తెలుసు, మీ నాయన కోపంతో కాపురం చేసినదాన్ని. అది పూటంతా నిలిచేది కాదు. ఆ ఒక్క పూట దొరికితే నాకు చాలు.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ
బీరమ్మ