వసంతానికి వచ్చే పిస్టన్లు

చిరంజీవి రొమీనాకు నాన్న దీవెనలు. అమ్మ మోకాలి నొప్పి తగ్గి, మళ్లీ నడుస్తోంది. నేను బాగానే ఉన్నాను. ఉషుఅయాలో మంచు ఎలా ఉందో, నీ గది వెచ్చగా ఉంటోందో లేదో రాయి. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్లు అమ్మ పడుకున్నప్పుడు కూడా విప్పడం లేదు.

ఇక, నన్ను దులిపేశావు కదా, ఆ సంగతి. "అన్నయ్య చేతులారా కూర్చిన ఇంజన్ తీసేసి ఎవరిదో పాతది బిగిస్తావా? ఇంత పిసినారివి ఎప్పుడయ్యావు నాన్నా?" అన్నావు. నీ కోపం న్యాయమే. ఆ వాల్వులన్నీ కిరోసిన్‌లో కడిగింది నువ్వే కదా.

మే నెల కార్ల పందెంలో ఇంజన్ పట్టేసింది. మెకానిక్ బెర్గాల్యో తన షెడ్డులో విప్పి చూస్తే ఒక సిలిండర్ గోడ గీసుకుపోయి ఉంది, క్రాంక్‌షాఫ్ట్ కూడా దెబ్బతింది. రొసారియోలో గుద్దుకున్న బండిలోని ఇంజన్ సగం ఖర్చుకే వస్తుందని నేనన్నాను. అతను మండిపడ్డాడు.

"దాని కడుపులో ఏముందో ఎవడు చూశాడు అడెల్మో? రెండు పందేలకే పోతే మళ్లీ కొంటావా? దీని రోగం కళ్లముందే ఉంది. సిలిండర్‌కి లోపల కొత్త స్లీవ్ వేసి, క్రాంక్ సాన పట్టించి, కొత్త పిస్టన్లు బిగిస్తే ఏళ్లు నిశ్చింత. లెక్కేసుకుంటే చవక ఇదే."

"ఎప్పటికవుతుంది?"

"పిస్టన్లు కోర్డోబా నుంచి రావాలి. సెప్టెంబర్లో, వసంతానికి ఇస్తా. ఏం, రైలు తప్పిపోతుందా?"

అతను చెప్పిందే సరైన మాట. అయినా నేను రొసారియో ఇంజనే కొన్నాను. డబ్బుకోసం కాదమ్మా.

మీ అన్నయ్య ఊపిరితిత్తుల్లో గడ్డ ఉంది. వసంతం దాకా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. "చెల్లికి చెప్పకు నాన్నా, ఉద్యోగం వదిలేసి వచ్చేస్తుంది" అని ఫబ్రీసియో నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను.

పోయిన ఆదివారం వాణ్ని మట్టి ట్రాక్‌కి తీసుకెళ్లాం. చలికి అక్కడ ఎవరూ లేరు. స్టీరింగు, క్లచ్చు వాడివి. గేరు మార్చే బలం చేతిలో లేక ఆ పని నాకిచ్చాడు. పక్కన సీటు లేదు కదా, పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాను. అమ్మ మాతే టీ ఫ్లాస్కు పట్టుకుని కంచె దగ్గర నిలబడింది. రెండు చుట్లు తిరిగాం.

"వేగం అందుకుంటే దగ్గుతోంది నాన్నా ఇది," అన్నాడు.

"నీ పోలికే."

వాడు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి, బండి ఆపేయాల్సి వచ్చింది. అద్దంలోంచి మట్టి వంక చాలాసేపు చూశాడు. "నా ఇంజన్ రావడానికి ఆలస్యమవుతుందని దీన్ని కొన్నావు కదూ," అన్నాడు. నా చెయ్యి తీసి గేరు మీద పెట్టి, "ఇంకొక్క చుట్టు పోదాం," అన్నాడు.

ఆ రోజు నుంచి మంచం దిగలేదు.

పిస్టన్లు తెప్పించమని బెర్గాల్యోకి చెప్పాను. ఎవరు నడపడానికి అని అతను అడగలేదు.

సెలవు ఇస్తారో లేదో చూడకు తల్లీ. ఈ ఉత్తరం అందగానే బయల్దేరు. గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు మాత్రం ఏడవకు. ఊరికే చూసిపోదామని వచ్చానని చెప్పు. వాడు నమ్మడు. అయినా చెప్పు.

ఇట్లు,
మాట నిలబెట్టుకోలేని మీ నాన్న,
అడెల్మో