ఉతకని పక్కగుడ్డ

అమ్మా,

నేను కులాసా. వేలికి కట్టుందని అక్క చెబితే కంగారుపడకు, కరిచింది మా ల్యాబులో బాలింత ఎలుక. నువ్వు పంపిన సంపెంగ నూనె తలకు పట్టించి, అదే చేత్తో దాని పిల్లల్ని తూకం వేశాను. అది పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు, సర్దబోతే నన్ను కొరికింది. తల్లి వాసనకు పసికందు మెదడులో ఏ పెప్టైడు రసాయనం ఊరుతుందోనని ఇరవై ఏళ్లుగా తలబద్దలు కొట్టుకుంటున్నదాన్ని నేనే!

ఎలుకల గది చూసుకునే పెద్దావిడ, "మీరు నేర్పిందేగా మేడమ్!" అని నవ్వుతూ గూటిలోని పాత పీచు పిల్లలకు రుద్దింది. తల్లి వెంటనే పొదువుకుంది.

ఇక నూనె పంపకు. నీ మోకాలు ఎలా ఉంది? పోయినసారి నేను ఎత్తుకుంటే అక్క పాప గుక్కపట్టింది కదా, ఈసారి దాని పక్కగుడ్డ ఒకటి ముందే పంపు, ఒంటికి రుద్దుకుని వస్తాను. నాన్నకు నమస్కారాలు.

గుడ్డ మాత్రం ఉతక్కు.

నీ చిన్నది