కిటికీ సందులో గుడ్డ

చెల్లీ, అన్నయ్య ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను, ఈ కార్డు చదువుతూ కంగారు పడకు. మేడల అద్దాలు కడిగే మా వ్యాన్‌లో నీళ్లకి గ్యాస్ గీజర్ ఉందని రాశాను కదా. మొన్న వాన పడుతుంటే డ్రైవరు గీజర్ వేసి, తలుపులు మూసుకుని లోపల కూర్చున్నాడు. చలిగాలి కొడుతోందని గాలి పోయే కంతలో గుడ్డ కుక్కాడట. నేను తలుపు తీసేసరికి నిద్రపోతున్నాడు. మొహం కళకళలాడిపోతోంది. "ఏం బావా, పెళ్లికొడుకువయ్యావే!" అని నవ్వాను కూడా. ఎంత పిలిచినా పలకలేదు. బయటికి ఈడిస్తే సగం కళ్లు తెరిచి, "హాయిగా ఉందిరా, తలుపు వేసెయ్" అన్నాడు. ఆ గొంతు అతనిది కాదు. ఆసుపత్రిలో ఉన్నాడు, గండం గడిచింది. మూసిన చోట గీజర్ మంట వదిలే విషగాలికి వాసనే ఉండదట.

స్వెట్టరు అందింది, చేతులు పొట్టి.

మన స్నానాలగదిలోనూ గ్యాస్ గీజరే కదా. అమ్మకి చలి అని, వచ్చేముందు కిటికీ సందులో నేను కుక్కిన గుడ్డ ఇంకా అలాగే ఉందా? స్నానం కాగానే అమ్మకి హాయిగా నిద్ర పట్టేస్తోందని, మొహం కళకళలాడుతోందని మురిసిపోతూ రాశావు. కార్డు పక్కన పడేసి ముందు ఆ గుడ్డ లాగెయ్. అమ్మకి నా నమస్కారాలు. తలుపు వెయ్యమంటే మాత్రం వినకు.