సన్‌షేడ్‌లో ఊచలు పైనే ఉండాలి

ముబీన్,

నువ్వూ ఏడుకొండలు మేస్త్రీ కలిసి అమ్మ నెత్తిమీద పడే పని చేస్తున్నారు. గుమ్మం మీద సన్‌షేడ్‌కి ఆరు ఎం.ఎం. ఊచలు తెచ్చారు, అదీ నన్నడక్కుండా. మూడంగుళాల మందానికి ఇవి చాలంటాడు మేస్త్రీ. కాగితం మీద చాలుతాయేమో. కాంక్రీటు పోసేటప్పుడు మనుషులు వాటి మీదే నడుస్తారు. సన్న ఊచ కాలు పడగానే వంగి అడుక్కి పోతుంది. సన్‌షేడ్‌ గోడలోంచి ముందుకి వేలాడేది, దాని బలమంతా పై ఊచల్లోనే ఉంటుంది. మన ఊరి బడి సన్‌షేడ్‌ కూలినప్పుడు ఆ ముక్కలు నేనే తిరగేసి చూశాను. ఊచలన్నీ అడుగునే ఉన్నాయి. దాని గురించే ఇవాళ దర్శిలో మండలాఫీసు ముందు ధర్నాకి కూర్చోబోతున్నాను. ఇంట్లో అదే పని చేయించుకుని అక్కడ ఏ మొహంతో అరవను?

మేస్త్రీ పదింటికి వస్తాడు. ఈలోపు ఆరు ఎం.ఎం. ఊచలు వెనక్కిచ్చి ఎనిమిది ఎం.ఎం.వి తీసుకురా. ఊచలు కిందికి దిగకుండా అడుగున కుర్చీలు, అదే, ఊచల్ని ఎత్తి పట్టే వంచిన ఇనప ముక్కలు పెట్టించు. మనుషులు నడవడానికి ఊచల పైన అడ్డంగా చెక్క వేయించు. "మీ అక్క ఎప్పుడు ఇంజనీరయిందిరా" అంటాడు. నిన్న అన్నప్పుడు నువ్వు కూడా నవ్వావు. చూశాను.

పప్పు పొయ్యి మీద ఉంది, తిను.

ఇంకోటి. నీడగా ఉందని అమ్మ అప్పుడే ఆ సెంట్రింగ్‌ చెక్కల కింద పీట వేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను చెబితే వినదు, నువ్వంటే వింటుంది. ఆ పీట లోపల పెట్టించు. ఆ తర్వాతే కాంక్రీటు కలపనివ్వు.

అక్క