అత్తమ్మ ఒళ్ళో డాష్‌హుండ్ పిల్ల

జూన్ 1984, ఆదివారం రాత్రి

మామయ్య పోయాక అత్తమ్మ ఆయన ఊసే ఎత్తడం లేదు. నేను ఆసుపత్రి డ్యూటీకి వెళ్తే ఇంట్లో ఒక్కతే. తోడుగా ఉంటుందని ఈరోజు కుక్కపిల్ల కోసం ఆమెను కాడుగోడిలో కుక్కపిల్లల్ని పెంచి అమ్మే మార్గరెట్ ఆంటీ ఇంటికి తీసుకెళ్ళాను. మేమెవరం ఎప్పుడూ కుక్కను పెంచలేదు.

నాకు తెల్లటి పొమరేనియన్ నచ్చింది. "అది శానా మొరుగుతాదమ్మా. రోజూ దువ్వాల," అంది ఆంటీ.

ఈలోగా పొట్టికాళ్ళ డాష్‌హుండ్ పిల్ల ఒకటి అత్తమ్మ కుచ్చిళ్ళలో దూరింది. ఆమె దాన్ని ఒళ్ళోకి తీసుకుని కొంగు కప్పింది.

"ఇది వణుకుతా ఉండాది. ఇంటికి పోదాం పామ్మా."

కుక్కలు ఎన్నేళ్ళు బతుకుతాయో ఆంటీని అడగాలనుకున్నాను. అత్తమ్మ ముఖం చూసి అడగలేకపోయాను...

ఇందాక ఆమె గదిలో దానితో మెల్లగా చెబుతుంటే విన్నాను.

"మీ తాత ఉండింటే నిన్ను జోబులో పెట్టుకొని తిరుగుతా ఉండె."